ఒక్క రికార్డు తీసి వెళ్లిపోయిన కుర్రాళ్లు

పోయిన నెల ఒక పాఠకుడి సందేహానికి జవాబుగా, అరవైల్లో అమెరికాలో స్కూలు వయసు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న గ్యారేజ్ రాక్ బ్యాండ్ల గురించి ఈ పేజీలో నాలుగు ముక్కలు రాశాను. దాని మీద వరసగా ఉత్తరాలు వచ్చాయి, కొన్ని మెచ్చుకుంటూ, కొన్ని గట్టిగా తగువు పెట్టుకుంటూ. ఒకే రకం ప్రశ్నలు కలిపేసి ఈసారి పేజీ అంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: గ్యారేజ్ రాక్ అనే పేరు ఎలా వచ్చింది? నిజంగానే కార్లు పెట్టుకునే షెడ్లలో వాయించేవాళ్లా?

జవాబు: కొంతమంది నిజంగానే వాయించారు. నాన్న కారు బయట పెట్టించి ఆ జాగాలో డ్రమ్స్ సర్దుకున్నవాళ్లున్నారు. ఇంటి కింద బేస్‌మెంట్‌లో, ముందుగదిలో, చర్చి హాల్లో ప్రాక్టీస్ చేసినవాళ్లూ ఉన్నారు. కానీ 1965లో వాళ్లని ఆపి 'మీరు వాయించేది గ్యారేజ్ రాకేనా' అని అడిగితే అర్థమయ్యేది కాదు, వాళ్ల లెక్కలో అది రాక్ అండ్ రోల్, అంతే. 1970ల మొదట్లో అమెరికన్ సంగీత పత్రికల్లో రాసే కొందరు ఈ పాత పాటల్ని మళ్లీ విని వీటిని 'పంక్ రాక్' అన్నారు. లండన్‌లో పంక్ అనే పేరుతో మొరటు రాక్ సంగీతం రావడానికి కొన్నేళ్ల ముందు మాట ఇది. ఆ పేరు తర్వాత వచ్చినవాళ్లు పట్టుకుపోయారు, వీళ్లకి గ్యారేజ్ అన్న పేరు మిగిలింది.

ప్రశ్న: ఎంత చెప్పినా వీళ్లంతా బీటిల్స్‌ని చూసి కాపీ కొట్టిన కుర్రాళ్లే కదండీ. వీళ్ల గురించి ఇంత రాయాల్సింది ఏముంది?

జవాబు: సగం నిజమే. 1964 ఫిబ్రవరి 9 రాత్రి ఎడ్ సలివన్ షోలో బీటిల్స్ పాడినప్పుడు దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది టీవీ ముందు కూర్చున్నారు. మర్నాటి నుంచి గిటార్ కొనిపెట్టమని పోరని పిల్లాడు లేడన్నంత పని అయింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక పుట్టిన పిల్లలు సరిగ్గా అప్పుడే పదిహేను పదహారేళ్లకి వచ్చారు. సియర్స్ దుకాణంలో సిల్వర్‌టోన్ గిటార్ దొరికేది, దాని పెట్టెలోనే యాంప్లిఫయర్ కూడా బిగించి ఉండేది, అంటే ఒక్క పెట్టె కొంటే సరంజామా వచ్చేసినట్టే. నలుగురు స్నేహితులు, గిటార్ మీద మూడు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు), శనివారం రాత్రి స్కూల్ డ్యాన్స్. ఇంతే కావాల్సింది.

మిగతా సగం చెప్తాను. బీటిల్స్ అమెరికాలో దిగకముందే వాయవ్య మూలన, వాషింగ్టన్, ఆరెగన్ రాష్ట్రాల్లో ఇది నడుస్తోంది. టకోమా ఊరి కుర్రాళ్లు ది వెయిలర్స్ 1959లోనే 'టాల్ కూల్ వన్' అనే వాద్య గీతంతో దేశం చార్టుల్లోకి, అంటే బాగా నడుస్తున్న పాటల జాబితాల్లోకి, ఎక్కారు. పోర్ట్‌లాండ్‌కి చెందిన ది కింగ్స్‌మెన్ 'లూయీ లూయీ' రికార్డు చేసింది 1963 ఏప్రిల్‌లో, అంటే ఆ టీవీ షోకి పది నెలల ముందు. మినియాపొలిస్‌కి చెందిన ది ట్రాష్‌మెన్ 'సర్ఫిన్ బర్డ్' కూడా 1963దే. బీటిల్స్ తెచ్చింది వరద, కానీ ఏరు ముందు నుంచీ పారుతూనే ఉంది.

కాపీ సంగతికొస్తే, బీటిల్స్ లాంటి ఆ ఇంగ్లీషు బ్యాండ్లు మాత్రం ఎవర్ని చూసి నేర్చుకున్నాయి? చక్ బెర్రీ, బో డిడ్లీ లాంటి నల్లజాతి అమెరికన్ల రికార్డులు విని. అవి సముద్రం దాటి వెళ్లి, అక్కడి కుర్రాళ్ల చేతుల్లో మారి, తిరిగి వచ్చి అమెరికా శివార్లలో పిల్లల చేతుల్లో ఇంకోసారి మారాయి. బెల్‌ఫాస్ట్ బ్యాండ్ దెమ్ 1964లో చేసిన 'గ్లోరియా' పాటలో, ఆమె నా గదిలోకి వస్తుంది అనే ముక్క ఉంది. అమెరికన్ రేడియోకి అది రుచించలేదు. షికాగో శివారు బ్యాండ్ ది షాడోస్ ఆఫ్ నైట్ ఆ ముక్క తీసేసి, నా పేరు పిలుస్తుంది అని మార్చి పాడారు, 1966లో జాతీయ చార్టులో పదో స్థానం దాకా వెళ్లారు. నా మటుకు నాకు కాపీ కొట్టేటప్పుడు జరిగే ఈ పొరపాట్లూ మార్పులూ వినడమే ఇష్టం. అచ్చం అలాగే వాయించడం చేతకాని చోట ఆ పిల్లలు తమకి చేతనైనది పెట్టారు, మనకి కొత్తగా వినిపించేది అదే.

ప్రశ్న: స్కూల్‌కి వెళ్లే పిల్లలు రికార్డు ఎలా తీయగలిగారు? ఏ కంపెనీ వాళ్లని పిలిచి అవకాశం ఇచ్చింది?

జవాబు: ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురు చూస్తున్నాను, ఎందుకంటే మొత్తం కథకి తాళంచెవి ఇదే. చాలామందిని ఏ కంపెనీ పిలవలేదు, వాళ్లే డబ్బు కట్టి చేయించుకున్నారు.

పెళ్లి శుభలేఖలు ప్రెస్‌లో అచ్చు వేయించుకోవడం మనకి తెలుసు కదా, సరిగ్గా అలాగే. ఊళ్లో ఒక చిన్న స్టూడియో ఉంటుంది, ఎక్కువగా లోకల్ రేడియో ప్రకటనలూ చర్చి బృందాల పాటలూ రికార్డు చేసుకునే చోటు. గంటకి ఇంత అని కట్టి, రెండు మూడు గంటల్లో రెండు పాటలు ముగించుకోవాలి. 45 ఆర్‌పీఎం రికార్డుకి, అంటే నిమిషానికి 45 సార్లు తిరిగే చిన్న రికార్డుకి, రెండు వైపులే కాబట్టి రెండు పాటలు చాలు. ఆ టేపు ఫ్యాక్టరీకి పంపిస్తే వాళ్లు లక్కర్ పూత పూసిన పళ్లెం మీద గాడులు కోసి, దాన్నుంచి లోహపు అచ్చు తీసి, ఎన్ని కావాలంటే అన్ని కొట్టి అట్టపెట్టెలో పంపించేవాళ్లు. ఐదు వందలు, వెయ్యి, కొందరు అంతకంటే తక్కువ. సిన్సినాటిలో రైట్ రికార్డ్ ప్రొడక్షన్స్ ఇలాంటి పని పెద్ద ఎత్తున చేసింది. ఆర్‌సీఏ, కొలంబియా లాంటి పెద్ద కంపెనీలకి కూడా బయటివాళ్ల కోసం కొట్టిపెట్టే కస్టమ్ విభాగాలుండేవి. సెంచురీ అనే సంస్థ ఊరూరా స్కూల్ బ్యాండ్లనీ కోరస్‌లనీ రికార్డు చేసేది, రాక్ కుర్రాళ్లు ఆ దారినీ వాడుకున్నారు.

రికార్డు మధ్యలో ఉండే లేబుల్ కాగితం మీద ఏదో ఒక కంపెనీ పేరు ఉండాలి కదా. వీధి పేరో, మేనేజర్ పెళ్లాం పేరో, తోచిన మాట ఏదో ఒకటి పెట్టేసేవాళ్లు. జీవితం మొత్తంలో ఒకే ఒక్క రికార్డు తీసిన కంపెనీలు (వాటినీ లేబుళ్లనే అంటారు) లెక్కలేనన్ని కనిపించేది అందుకే.

పెట్టె ఇంటికొచ్చాక అమ్మకం. డ్యాన్స్ జరిగే హాలు గుమ్మం దగ్గర కొన్ని, ఊళ్లో రికార్డుల షాపులో కొన్ని, అమ్మమ్మలకీ బాబాయిలకీ కొన్ని. ఒక కాపీ లోకల్ ఏఎం రేడియో స్టేషన్‌లో డిస్క్ జాకీ చేతికి. అప్పటి స్టేషన్లు తమ ఊళ్లో ఏ పాట ఎంత నడుస్తోందో వారం వారం ఒక కాగితం మీద అచ్చేసి షాపుల్లో పెట్టేవి. బీటిల్స్ పాట నాలుగో స్థానంలో, పక్కవీధి కుర్రాళ్ల పాట ఏడో స్థానంలో ఉన్న కాగితాలు ఇప్పటికీ దొరుకుతాయి. ఆ కాగితం చూస్తే ఆ పిల్లలకి ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి అనుకోండి.

అలా ఒక ఊళ్లో గట్టిగా నడిస్తే పక్క ఊరి స్టేషన్ పట్టుకుంటుంది, అప్పుడు పెద్ద కంపెనీ వచ్చి ఆ టేపు కొనుక్కుంటుంది. దీనికి అందరికంటే గొప్ప ఉదాహరణ క్వశ్చన్ మార్క్ అండ్ ది మిస్టీరియన్స్. మిషిగన్ రాష్ట్రంలో, పొలం పనుల కోసం వలస వచ్చిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు వాళ్లు. బే సిటీలో ఒక ఇంట్లో పెట్టిన స్టూడియోలో '96 టియర్స్' చేశారు, పా-గో-గో అనే బుల్లి లేబుల్ మీద వచ్చింది, చుట్టుపక్కల స్టేషన్లు మోత మోగించాయి, ఫిలడెల్ఫియా కంపెనీ కామియో తీసుకుంది, 1966 అక్టోబర్ చివరికి దేశంలో నంబర్ వన్. ఇంత ఎక్కిన పాట అసలు రికార్డింగ్, హక్కులు పెట్టుకున్నవాళ్లు విడుదల చేయకపోవడం వల్ల చాలా ఏళ్లు సీడీగా రాలేదు, 2005లో గానీ సరైన సీడీ రాలేదు. ఆ మధ్య కాలంలో బ్యాండ్ వాళ్లు తమ పాటలు తామే మళ్లీ రికార్డు చేసుకోవాల్సి వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అంత బాగా వాయిస్తే ఎందుకు పైకి రాలేదు అని ముగ్గురు అడిగారు. ఈ మాట నేను ఒప్పుకోను. ఐదు వందల కాపీలు కొట్టించుకున్నవాడు దేశం మొత్తానికి అమ్ముదామని మొదలుపెట్టలేదు. తమ ఊరికోసం చేశాడు, తమ ఊళ్లో అమ్ముకున్నాడు, శనివారం డ్యాన్స్‌కి ఇంకో వంద మంది ఎక్కువ వచ్చారు. అతను అనుకున్నది జరిగింది. ఓడిపోయినవాళ్ల జాబితాలో అతన్ని మనమే తర్వాత పెట్టాం.

ప్రశ్న: 'లూయీ లూయీ' పాట మీద ఎఫ్‌బీఐ విచారణ జరిగిందట, నిజమేనా లేక కట్టుకథా?

జవాబు: నిజం. ఆ ఫైళ్లు కూడా తర్వాత బయటికొచ్చాయి.

పాట రాసింది రిచర్డ్ బెర్రీ, లాస్ ఏంజెలెస్ గాయకుడు, 1957లో రికార్డు చేశాడు. జమైకాలో ఉన్న తన పిల్ల దగ్గరికి ఎప్పుడు వెళ్తానా అని ఒక నావికుడు బార్‌లో లూయీ అనే అతనితో చెప్పుకుంటాడు, ఇంతే పాట. అందులో బూతు ఒక్క అక్షరం లేదు. కింగ్స్‌మెన్ దాన్ని యాభై డాలర్ల ఖర్చుతో పోర్ట్‌లాండ్ స్టూడియోలో ఒక్క విడతలో ముగించారు. మైకు పైనెక్కడో వేలాడుతుంటే గాయకుడు జాక్ ఈలీ మెడ ఎత్తి వాద్యాల హోరు మీద అరవాల్సి వచ్చింది, ఏం పాడాడో ఎవరికీ తెలియలేదు. తెలియనిచోట ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకున్నారు, స్కూల్ పిల్లలు బూతు సాహిత్యం కాగితాల మీద రాసి పంచుకున్నారు, తల్లిదండ్రులు ప్రభుత్వానికి ఉత్తరాలు రాశారు, 1964లో ఇండియానా గవర్నర్ ఆ పాట రేడియోలో వేయొద్దని అడిగాడు. ఎఫ్‌బీఐ వాళ్లు రకరకాల వేగాల్లో తిప్పి తిప్పి విని, ఏ వేగంలో విన్నా అర్థం కావట్లేదని తేల్చారు. ఈ గొడవతో పాట ఇంకా అమ్ముడైంది. బిల్‌బోర్డ్ పత్రిక జాతీయ చార్టులో రెండో స్థానం.

గిటార్ ముక్క అయిపోయాక ఈలీ ఒకచోట ముందే అందుకుని, తప్పు తెలిసి ఆగి, మళ్లీ మొదలెడతాడు. డ్రమ్స్ కుర్రాడు ఆ సందుని ఒక గట్టి దరువుతో కప్పేస్తాడు. ఇంకోసారి తీయలేదు, అలాగే విడుదలైంది. తర్వాత ఈ పాట వాయించిన ఎన్నో బ్యాండ్లు ఆ తప్పుని కూడా నేర్చుకుని వాయించాయి.

రిచర్డ్ బెర్రీ మాత్రం అప్పటికే తన హక్కులు 750 డాలర్లకి అమ్మేసుకున్నాడు. 1980ల్లో గానీ వాటిలో కొంత తిరిగి రాలేదు.

ప్రశ్న: ఈ రికార్డులు వింటుంటే గోలగోలగా, చిరిగిపోయినట్టు ఉంటాయి. స్టూడియో బాగోలేకా, కావాలనే చేశారా?

జవాబు: రెండూ కలిశాయి. విడివిడిగా ట్రాకులు తీసి కలిపే సౌకర్యం చాలాచోట్ల లేదు. అందరూ ఒకే గదిలో నిలబడి ఒకేసారి వాయిస్తే డ్రమ్స్ చప్పుడు గాయకుడి మైకులోకి, గిటార్ డ్రమ్స్ మైకులోకి వెళ్లిపోయేది. టేపు మోయగలిగిన దానికంటే ఎక్కువ శబ్దం దాని మీద పోస్తే అది నొక్కుకుపోయి ఒకరకం గరుకు వస్తుంది. ఆ గరుకు ఇప్పటివాళ్లు ఖరీదైన పరికరాలతో తెచ్చుకుంటున్నారు.

కావాలని చేసినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టం ది సోనిక్స్. వీళ్లదీ టకోమానే. ఇందాక చెప్పిన వెయిలర్స్ వాళ్లు సొంతంగా నడిపిన ఎటికెట్ లేబుల్ మీద 1964లో 'ది విచ్' వచ్చింది, తర్వాతి ఏడాది 'హియర్ ఆర్ ది సోనిక్స్' ఎల్‌పీ, అంటే చాలా పాటలు పట్టే పెద్ద రికార్డు. గాయకుడు జెరీ రోస్లీ గొంతు చించుకునే తీరు, ఒక్క మైకుతో పట్టిన బాబ్ బెనెట్ డ్రమ్స్, గిటార్ శబ్దం చిరగాలని స్పీకర్లకి చిల్లులు పొడిచిన లారీ పరైపా, వీళ్లని అదుపులో పెట్టాలని చూసిన ఇంజనీర్‌కి టెన్షనే మిగిలి ఉంటుంది. రెండో ఎల్‌పీ 'బూమ్' అప్పుడు ఒక స్టూడియోలో గోడలకి శబ్దం పీల్చుకోవడానికి అతికించిన గుడ్ల అట్టలు పీకేశారు, గది ఇంకా మోగాలని. పెద్దయ్యాక 2007లో మళ్లీ కలిసి వేదికెక్కారు, 2015లో కొత్త ఎల్‌పీ కూడా తీశారు. అది విని చూడండి, వయసు ఏమాత్రం వినపడదు.

ఫజ్ శబ్దం, అంటే గిటార్ స్వరాన్ని కావాలని గరగరలాడించడం, గురించి కూడా ఒకరు అడిగారు. 1962లో వచ్చిన మేస్ట్రో ఫజ్-టోన్ అనే చిన్న పెట్టెని మొదట ఎవరూ పెద్దగా కొనలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫ్యాక్షన్'లో అది వినపడ్డాక షాపుల్లో మిగల్లేదు. అక్కణ్ణుంచి గ్యారేజ్ రికార్డుల్లో సగం వాటిలో ఆ తుమ్మెద ఝంకారం ఉంటుంది. శాన్ హోసేకి చెందిన కౌంట్ ఫైవ్ 1966లో తెచ్చిన 'సైకాటిక్ రియాక్షన్' మొదటి పది క్షణాలు వింటే చాలు, నేను చెప్పేదేంటో తెలిసిపోతుంది.

ప్రశ్న: అంతా తెల్లజాతి మగపిల్లల వ్యవహారమేనా? అమ్మాయిలెవరూ లేరా?

జవాబు: ఎక్కువమంది వాళ్లే, దాచాల్సిన పని లేదు. కానీ వాళ్లొక్కరే కాదు. మిస్టీరియన్స్ సంగతి పైన చెప్పాను. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లదే ఒక పెద్ద ప్రపంచం. దీ మిడ్‌నైటర్స్ 1965లో చేసిన 'విట్టియర్ బులెవార్డ్' తమ పేటలో కార్లు తిరిగే వీధి పేరే. టెక్సస్ నుంచి వచ్చిన సామ్ ది షామ్ పాట 'వూలీ బులీ' అదే ఏడాది దేశమంతా మోగింది.

అమ్మాయిల్లో డెట్రాయిట్‌కి చెందిన ది ప్లెజర్ సీకర్స్ రికార్డు వెతికి వినండి. అక్కడ హైడౌట్ అనే టీనేజ్ క్లబ్ ఉండేది, ఆ క్లబ్బే ఒక లేబుల్ పెట్టి తమ వేదిక మీద వాయించే పిల్లల రికార్డులు తీసింది. ప్లెజర్ సీకర్స్‌లో బేస్ గిటార్ వాయించిన అమ్మాయి సుజీ క్వాట్రో, 1970ల్లో ఇంగ్లండ్ వెళ్లి పెద్ద స్టార్ అయింది. నాకు అంతకంటే ఎక్కువ ఇష్టం మిషిగన్‌లోనే నైల్స్ అనే ఊరి బ్యాండ్ ది లవ్‌డ్ వన్స్. గిటార్ వాయించి, పాటలు రాసి, బ్యాండ్ నడిపించింది చార్ వినెజ్. ఆమె ఫజ్ గిటార్‌లో ఒక దిగులు ఉంటుంది. నలుగురూ అమ్మాయిలే కాబట్టి వింతగా చూసి, విన్నదానికంటే చూసిందే ఎక్కువ రాశారు వాళ్ల గురించి. ఇప్పటికైనా చెవులతో వినాలి.

ప్రశ్న: 1968 కల్లా వీళ్లంతా ఒక్కసారిగా ఏమైపోయారు?

జవాబు: స్కూల్ అయిపోయింది. ముందు కారణం అదే. బ్యాండ్‌లో ఒకడు ఒక కాలేజీకి, ఇంకొకడు ఇంకో రాష్ట్రానికి. కాలేజీలో చేరనివాడికి సైన్యం నుంచి పిలుపు. 1964లో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకున్నవాళ్లు లక్షా 12 వేల మంది, 1966 వచ్చేసరికి 3 లక్షల 80 వేలు దాటారు. చదువుకుంటుంటే వాయిదా దొరికేది కాబట్టి పాస్ మార్కులు తెచ్చుకోవడం బ్యాండ్ కంటే ముఖ్యమైన పని అయింది. డ్రమ్స్ కుర్రాడు వియత్నాం వెళ్లిపోతే మిగతా ముగ్గురూ కొత్తవాణ్ణి వెతుక్కోలేదు, చాలా బ్యాండ్లు అలాగే ఆగిపోయాయి. కొందరు తిరిగి రాలేదు.

సంగీతం కూడా మారింది. 1967 తర్వాత పాటలు పొడుగయ్యాయి, ఎల్‌పీలు ముఖ్యమయ్యాయి, రేడియోలో ఎఫ్‌ఎం వచ్చింది, రెండున్నర నిమిషాల లోకల్ పాటకి జాగా తగ్గింది. ఆస్టిన్ బ్యాండ్ 13త్ ఫ్లోర్ ఎలివేటర్స్ లాంటివాళ్లు, 1966లో 'యు ఆర్ గొన్నా మిస్ మీ' చేసినవాళ్లు, ఆ మలుపుకి రెండు వైపులా నిలబడ్డారు. గాయకుడు రాకీ ఎరిక్సన్ అరుపు గ్యారేజ్‌దే, వెనకాల గుడగుడమంటూ మోగే టామీ హాల్ ఎలక్ట్రిక్ జగ్ (జగ్గు మూతి దగ్గర నోరూ మైకూ పెట్టి వాయించేది) మాత్రం తర్వాతి కాలానిది.

ప్రశ్న: మరి మరుగున పడిన ఈ పాటలు మనదాకా ఎలా వచ్చాయి? ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి.

జవాబు: 1972లో ఎలెక్ట్రా కంపెనీ 'నగెట్స్' అనే రెండు ఎల్‌పీల సంకలనం తీసింది, 27 పాటలు. ఏరి కూర్చింది లెనీ కే, అప్పటికి రికార్డుల షాపులో పనిచేస్తూ పత్రికలకి రాసేవాడు, తర్వాత గాయని పాటీ స్మిత్ బ్యాండ్‌లో గిటార్ వాయించాడు. అందులో చాలా పాటలు నిజానికి దేశం చార్టుల్లోకి ఎక్కినవే. ఇంకా లోపలికి వెళ్లింది 1978లో గ్రెగ్ షా మొదలుపెట్టిన 'పెబుల్స్'. ఇంకా అడుక్కి వెళ్లింది 1983 నుంచి టిమ్ వారెన్ తీసిన 'బ్యాక్ ఫ్రమ్ ది గ్రేవ్'. ఈయన పాత రికార్డులు ఏరడంతో ఆగలేదు, లేబుల్ మీద పేర్లు పట్టుకుని ఆ మనుషుల్ని వెతికి మాట్లాడి, ఏ డ్యాన్స్‌లో ఏం జరిగిందో, ఎవరి నాన్న డబ్బు పెట్టాడో కవర్ మీద రాయించాడు. నేను ఆ కవర్లు చదివి చదివి అంచులు నలిగిపోయాయి.

మొదలుపెట్టడానికి నగెట్సే. 1998లో రైనో కంపెనీ దాన్ని నాలుగు సీడీలకి పెంచింది, అది దొరికితే ఇంకా మంచిది. తర్వాత నేరుగా సోనిక్స్ మొదటి ఎల్‌పీకి వెళ్లండి.

ప్రశ్న: అమెరికా బయట ఇలాంటివి లేవా?

జవాబు: ఉన్నాయి, దానికి ఇంకో నెల కావాలి. ప్రస్తుతానికి ఒకటి. పెరూ రాజధాని లిమాలో లాస్ సైకోస్ అనే నలుగురు కుర్రాళ్లు 1965లో 'డెమొలిసియోన్' అని ఒక పాట చేశారు, రైల్వే స్టేషన్ కూల్చేద్దాం రండి అని. 1965, 66ల్లో ఆరు సింగిల్స్ (రెండేసి పాటల చిన్న రికార్డులు) తీసి ఆపేశారు. భాష రాకపోయినా పర్వాలేదు, ఆ కేక వింటే చాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ది అవుట్‌సైడర్స్, హేగ్‌లో క్యూ65 కూడా రాసి పెట్టుకోండి.

ప్రశ్న: మా మేనమామ చాలా ఏళ్లు ఒహాయోలో ఉన్నారు. ఆయన పోయాక వచ్చిన పెట్టెలో ఒక చిన్న రికార్డు ఉంది. లేబుల్ మీద బ్యాండ్ పేరు, పాట పేరు, ఒక ఐదంకెల నంబరు తప్ప ఏమీ లేదు, సంవత్సరం లేదు. ఇది ఎప్పటిదో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: ఉంది. రికార్డుని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, గాడులు అయిపోయాక లేబుల్ దాకా ఉండే నున్నటి జాగా చూడండి. సేకరించేవాళ్లు దాన్ని డెడ్ వాక్స్ అంటారు. అక్కడ చేత్తో గీకినవో, అచ్చు కొట్టినవో అక్షరాలుంటాయి.

ఒహాయో అన్నారు, ఐదంకెల నంబరు అన్నారు, కాబట్టి నా మొదటి అనుమానం పైన చెప్పిన సిన్సినాటి రైట్ మీదే. వాళ్ల నంబర్లు వరసగా నడుస్తాయి, రెండో వైపు చూస్తే పక్క నంబరే ఉండాలి. ఏ నంబరు దగ్గర ఏ ఏడాది నడుస్తోందో సేకర్తలు పోల్చి జాబితాలు తయారు చేశారు, వాటితో మీ రికార్డు ఏడాది తెలుస్తుంది.

ఆర్‌సీఏ కస్టమ్‌లో కొట్టిందైతే ఇంకా తేలిక. వాళ్ల నంబరు మొదటి అక్షరమే సంవత్సరం. ఆర్ అంటే 1964, ఎస్ 1965, టీ 1966, యూ 1967. వీ వాడలేదు, డబ్ల్యూ అంటే 1968. చిన్న త్రికోణం, దాని పక్కన ఒక నంబరు, ఇంకోచోట వృత్తంలో ఎం, ఆర్ అక్షరాలు కనిపిస్తే లాస్ ఏంజెలెస్ మోనార్క్ ఫ్యాక్టరీది, ఆ త్రికోణం నంబర్లు కూడా వరసవే.

దాన్ని ప్లే చేసే ముందు ఒక మాట. ఆ కాలపు 45లు అన్నీ వినైల్ కాదు, కొన్ని స్టైరీన్ అనే పెళుసు ప్లాస్టిక్‌తో పోతపోసినవి. లేబుల్ కాగితం పైన అతికించినట్టు ఉండి, రికార్డు గట్టిగా, వంచితే వంగనట్టు ఉంటే అదే అనుకోండి, వంచి మాత్రం చూడొద్దు, విరుగుతుంది. స్టైరీన్ గాడులు రికార్డ్ ప్లేయర్‌లో అరిగిన ముల్లుకి చాలా తొందరగా పాడైపోతాయి. కొత్త ముల్లు, గుండ్రటి మొనది, వేసి ఒక్కసారి ప్లే చేస్తూ కంప్యూటర్‌లోకి రికార్డు చేసుకోండి, తర్వాత వినడానికి ఆ కాపీ వాడండి. స్పిరిట్‌తో తుడవకండి, మెత్తటి పొడి బ్రష్ చాలు. లేబుల్ మీద పెన్నుతో ఎవరిదైనా పేరో, గుండె బొమ్మో ఉంటే దాన్ని చెరపొద్దు. అలా ఉంటే ధర తగ్గుతుందంటారు అమ్మేవాళ్లు, తగ్గనివ్వండి. ఆ డ్యాన్స్ హాల్లో ఆ రికార్డు కొనుక్కున్న పిల్ల చేతిరాత అది.

ఒకటి జాగ్రత్త. ఖరీదైన గ్యారేజ్ 45లకి తర్వాతి కాలంలో నకిలీలు కొట్టారు. నేనూ ఒకసారి అసలుదనుకుని కొన్నాను, డెడ్ వాక్స్‌లో ఉండాల్సిన ఫ్యాక్టరీ గుర్తు లేదు, లేబుల్ అక్షరాల అంచులు ఫొటో తీసి అచ్చేసినట్టు అలుక్కుపోయి ఉన్నాయి. రెండు వారాలు బాధపడ్డాను. మీది ఆ ఊరి నుంచి నేరుగా వచ్చిన పెట్టె కాబట్టి అలాంటి భయం పెద్దగా లేదు.

రెండు వైపులా డెడ్ వాక్స్‌లో ఉన్నది, గీతలూ చుక్కలతో సహా, ఉన్నదున్నట్టు కాగితం మీద దించి పంపండి. పాట రాసినవాళ్ల పేర్లు బ్రాకెట్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి, అవీ రాయండి. వచ్చే నెల ముందు మీ రికార్డు సంగతే చూద్దాం.